సముద్రంలోనే వెనక్కి తిప్పేస్తే ఆశ్రయం అడిగే హక్కు ఏమవుతుంది?

జువ్వలదిన్నె తీరం · రాత్రి 8:40

అందరికీ నమస్కారం. వేట నిషేధం ముగియబోతుండగా మా పాలెంలో తీర భద్రత గురించి అవగాహన సభ జరిగింది. కొత్త బోటు కనిపించినా, తెలియని మనుషులు కనిపించినా వెంటనే ఫోను చేయమని చెప్పారు. మంచి మాటే. చివర్లో ఒక కుర్రవాడు లేచి, "ఆ బోటులో ఆడవాళ్లు, చంటిపిల్లలు ఉండి, మమ్మల్ని వెనక్కి పంపితే చంపేస్తారని దండం పెడితే ఏం చేయాలి?" అని అడిగాడు. వేదిక మీద ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మన దేశం శరణార్థుల ఒప్పందంలో లేదు కాబట్టి వాళ్లకు ఏ హక్కూ లేదని ఒక పెద్దాయన తేల్చేశారు.

నాకు ఆ జవాబు మింగుడు పడలేదు. ఒడ్డు తొక్కనివ్వకుండా నడిసముద్రం నుంచే తిప్పి పంపేస్తే చట్టం ఏమంటుంది? మంచినీళ్లు ఇచ్చినవాడి మీద కేసు పెడతారా? తెలిసినవాళ్లు విడమరచి చెప్పండి. రాసుకుని మా సంఘంలో చదివి వినిపించాలి.

నల్లకోటు ఒంగోలు · రాత్రి 9:25

తమ్ముడూ, ప్రాణం కాపాడటం వేరు, ఆశ్రయం ఇవ్వడం వేరు. ఈ రెండింటినీ కలిపేసినప్పుడే మీ సభలో జరిగినట్టు అవుతుంది.

మొదటిదాంట్లో వాదనకు తావు లేదు. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందం 98వ అధికరణ ప్రకారం, ఆపదలో ఉన్నవాళ్లను ఆదుకోవలసిన బాధ్యత ప్రతి నౌక సారథికీ ఉండేలా, ఆ నౌక మీద ఏ దేశపు జెండా ఎగురుతుందో ఆ దేశం చూడాలి. ఆ ఒప్పందంలో మన దేశం 1995 నుంచి ఉంది. 1979 నాటి గాలింపు, రక్షణ ఒప్పందం ఇంకాస్త స్పష్టంగా చెబుతుంది: ఆపదలో ఉన్న మనిషి ఏ దేశస్థుడు, ఏ హోదాలో ఉన్నాడు అన్నది చూడకూడదు. 2006 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల ప్రకారం, రక్షించినవాళ్లను సురక్షితమైన చోటికి చేర్చేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు. కాబట్టి మునిగిపోతున్నవాడికి చెయ్యి అందించి, నీళ్లిచ్చి, వెంటనే కోస్ట్ గార్డుకు కబురు చేసినవాడు నేరం చేసినట్టు కాదు. ఎవరికీ చెప్పకుండా తీసుకొచ్చి ఇంట్లో దాచితే అది వేరే సంగతి.

ఇక రెండోది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 నాటి దాని అనుబంధ ఒప్పందం మీద గానీ మనం సంతకం చేయలేదు. అంతవరకు మీ పెద్దాయన చెప్పింది నిజం. ఆ ఒప్పందంలోని 33వ అధికరణ ఆయువుపట్టు లాంటిది: ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని ఏ రూపంలోనూ వెనక్కి పంపకూడదు. మనం అందులో లేకపోయినా 1979లో పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో చేరాం. అన్నిటికీ మించి రాజ్యాంగం 21వ అధికరణ ఉంది. ప్రాణ రక్షణ హక్కును అది "పౌరుడికి" అని పరిమితం చేయలేదు, "ఏ వ్యక్తికైనా" అంది. 1996లో అరుణాచల్ ప్రదేశ్ చక్మాల (అప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల) కేసులో సుప్రీంకోర్టు ఈ అధికరణ మీదే నిలబడి, పౌరులైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడాల్సింది రాజ్యమేనని తీర్పిచ్చింది. 1998లో గుజరాత్ హైకోర్టు ఇద్దరు ఇరాకీయుల కేసులో, ముప్పున్న చోటికి వెనక్కి పంపకూడదన్న సూత్రం 21వ అధికరణలోనే ఇమిడి ఉందని చెప్పింది.

హక్కు లేదనడం తప్పు. అలాగని మన దగ్గర అది గట్టి పునాది మీద ఉందని చెబితే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. ఆ సంగతి తర్వాత రాస్తాను.

మాజీ సైనికుడు, సింగరాయకొండ · రాత్రి 9:52

న్యాయవాది గారూ, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నాను. 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవాళ్లు సముద్రం మీదుగానే వచ్చారు. మన జాలరుల బోటునే పట్టుకుని, దాన్ని నడిపే సరంగును చంపి మరీ వచ్చారు. మా ఊరి వాళ్లు నడిసముద్రంలో కనిపించిన ప్రతి బోటు దగ్గరికీ జాలిపడి వెళితే, రేపు వాళ్ల ప్రాణానికి ఎవరు పూచీ? సరిహద్దు కాపలా అంటే ఏమిటో చేసినవాడికి తెలుస్తుంది. శరణు కోరేవాడు ఎవరో, వేషం వేసుకుని వచ్చినవాడు ఎవరో నీళ్ల మీద ఎలా తెలుస్తుంది?

నెల్లూరు న్యాయ విద్యార్థిని · రాత్రి 10:10

బాబాయ్ గారూ, నీళ్ల మీద తెలియదన్న మీ మాటే ఈ చట్టానికంతా మూలం. తెలియదు కాబట్టే, అడగకుండా అందరినీ కట్టగట్టి వెనక్కి పంపకూడదు అంటారు.

ఒక కేసు చెబుతాను, మా తరగతిలో దీని మీద చాలా రోజులు చర్చ జరిగింది. 2009 మే 6న లిబియా నుంచి మూడు పడవల్లో దాదాపు 200 మంది ఇటలీ వైపు బయలుదేరారు. లాంపెదూసా ద్వీపానికి దక్షిణంగా 35 నాటికల్ మైళ్ల దూరంలో ఇటలీ నౌకలు వాళ్లను ఆపి తమ నౌకల్లోకి ఎక్కించుకున్నాయి. ఇటలీ నౌక ఎక్కాం, ఇక బతికాం అనుకున్నారు వాళ్లు. ఎక్కడికి తీసుకెళుతున్నారో ఎవరూ చెప్పలేదు. పేర్లు అడగలేదు. దగ్గరున్న కాగితాలు, వస్తువులు లాక్కున్నారు. పది గంటల ప్రయాణం తర్వాత చూస్తే ఎదురుగా ట్రిపోలీ రేవు. దిగం అని మొత్తుకున్నా బలవంతంగా దించి లిబియా అధికారులకు అప్పగించారు.

వాళ్లలో 24 మంది, 11 మంది సోమాలియా వాళ్లు, 13 మంది ఎరిత్రియా వాళ్లు, యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. హిర్సీ జమా కేసు అంటారు. 2012 ఫిబ్రవరి 23న పెద్ద ధర్మాసనం ఏకగ్రీవంగా ఇటలీని తప్పు పట్టింది. అంతర్జాతీయ జలాల్లో జరిగింది కాబట్టి మాకు సంబంధం లేదని ఇటలీ అంటే కోర్టు ఒప్పుకోలేదు. నౌక మీది జెండా ఇటలీది, నడిపినవాళ్లు ఇటలీ సైనికులు, ఎక్కినవాళ్లు పూర్తిగా వాళ్ల చేతుల్లో ఉన్నారు, కాబట్టి బాధ్యత కూడా వాళ్లదే. లిబియాతో ఒప్పందం ఉందన్న సాకూ చెల్లలేదు. మరీ ముఖ్యం, "వాళ్లు ఆశ్రయం అడగలేదు" అన్న వాదనను కూడా తోసిపుచ్చింది. వెనక్కి పంపితే ఏమవుతుందో తెలుసుకోవడం పంపేవాడి పని అంది. విడివిడిగా విచారించకుండా మూకుమ్మడిగా పంపేయడం, వెళ్లి మొరపెట్టుకోవడానికి ఒక దారి లేకుండా చేయడం, ఇవి కూడా ఉల్లంఘనలే అని తేల్చింది. ఒక్కొక్కరికి 15,000 యూరోలు ఇమ్మంది.

ఆ 24 మందిలో ఒకరు తర్వాత మళ్లీ సముద్రం దాటి ఇటలీ చేరితే, ఇటలీయే శరణార్థి హోదా ఇచ్చింది. 2009లో అడిగి ఉంటే ఇచ్చి ఉండేవాళ్లే కదా! నాకు ఇది తలచుకున్నప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

మాజీ సైనికుడు, సింగరాయకొండ · రాత్రి 10:21

అది యూరప్ కోర్టు అమ్మా. మన మీద దాని మాట చెల్లదు.

నెల్లూరు న్యాయ విద్యార్థిని · రాత్రి 10:34

చెల్లదు, ఒప్పుకుంటాను. ప్రపంచమంతా ఒకే మాట మీద కూడా లేదు. 1993లో అమెరికా సుప్రీంకోర్టు హైతీ పడవల కేసులో 8–1 తేడాతో ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా తీర్పిచ్చింది. నడిసముద్రంలో ఆపినవాళ్లకు 33వ అధికరణ వర్తించదంది. 1997లో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ ఆ వాదన తప్పని చెప్పినా, అక్కడి కోర్టు తీర్పు అలాగే నిలిచి ఉంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: మనుషులను చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి బాధ్యత మొదలవుతుందన్న సూత్రం న్యాయంగా ఉందా లేదా? భద్రత గురించి మీ భయానికి కూడా అందులో చోటుంది. దేశ భద్రతకు ప్రమాదకారి అని నమ్మడానికి తగిన కారణాలు ఉన్న మనిషికి ఆ రక్షణ వర్తించదని 33వ అధికరణ రెండో భాగమే చెబుతోంది. అయితే ఆ మనిషి ఎవరో తేల్చాలంటే ముందు కూర్చోబెట్టి అడగాలి.

కావలి ఇంజనీరు · రాత్రి 11:05

నేను ట్యాంకర్ల మీద ఇంజనీరుగా చేస్తున్నాను. మధ్యధరా సముద్రంలో ఇలాంటి పడవను దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను.

పైనుంచి చూస్తే అది రబ్బరు పడవ అని కూడా తెలియదు, నీళ్ల మీద తలలే కనిపిస్తాయి. మా నౌకను దాని పక్కకు తీసుకెళ్లాలంటేనే భయం. మా నౌక కదలికకే ఆ పడవ తిరగబడవచ్చు. గాలి వాళ్లకు తగలకుండా నౌకను అడ్డం పెట్టి, తాళ్ల వల దించి, నీళ్ల సీసాలు తాడుకు కట్టి వదిలాం. పడవ అడుగున సముద్రపు నీళ్లు, ఒలికిన పెట్రోలు కలిసి నిలిచి ఉంటాయి. అందులో కూర్చున్నవాళ్ల తొడల మీద చర్మం కాలి ఊడిపోయి ఉంటుంది. ఎక్కువగా మధ్యలో కూర్చోబెట్టే ఆడవాళ్లకే ఈ కాలిన గాయాలు. వల పట్టుకుని పైకి వచ్చిన ఒక మనిషి మొదట అడిగింది నీళ్లు కాదు. "లిబియానా?" అని అడిగాడు.

నౌక సారథి నలిగిపోయేది ఇక్కడే. తీరంలో ఉన్న అధికారి వైర్‌లెస్‌లో ఒకటి చెబుతాడు, చట్టం ఇంకొకటి చెబుతుంది. 2018 జులై 30న ఆసో 28 అనే ఇటలీ నౌక 101 మందిని రక్షించి లిబియా వాళ్లకు అప్పగించింది. ఆ నౌక కెప్టెన్‌కు ఇటలీ కోర్టు ఏడాది జైలు శిక్ష వేస్తే, 2024 ఫిబ్రవరిలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది. లిబియా సురక్షితమైన చోటు కాదని ఆ తీర్పు సారాంశం. మరోవైపు 2020 ఆగస్టులో డెన్మార్క్ ట్యాంకర్ ఒకటి 27 మందిని కాపాడినందుకు మాల్టా దగ్గర 38 రోజులు ఎదురుచూసింది, ఏ రేవూ రానివ్వలేదు. కాపాడితే అది, అప్పగిస్తే ఇది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఎంతోమంది కుర్రవాళ్లు నౌకల్లో చేరుతున్నారు. శిక్షణలో మంటలు ఆర్పడం, పడవ దించడం నేర్పిస్తారు. కాపాడినవాళ్లను ఎక్కడ దించకూడదో కూడా చెప్పాలి.

మైపాడు సరంగు · ఉదయం 5:50

మేం కోర్టుల సంగతి ఎరగం. సముద్రం మీద తాగే నీళ్లు అడిగినవాడికి లేదనడం మా ఇళ్లలో లేదు. తమిళనాడు వైపు నుంచి వచ్చే సోనా బోట్ల (పెద్ద మర బోట్ల) వాళ్లతో వలల గురించి ఎన్నిసార్లు గొడవలు పడ్డాం! అయినా వాళ్ల ఇంజన్ చెడిపోతే తాడు వేసి లాక్కొచ్చిన సందర్భాలున్నాయి.

ఒక సంగతి చెప్పాలి. మా పట్టపు కులం జాలరులకు ఇంట్లో మాట తమిళం లాంటిదే. శ్రీలంక నుంచి వచ్చిన మనిషి మాట్లాడితే మాకు అర్థమవుతుంది. పోలీసులకు, కోస్ట్ గార్డులో పనిచేసే ఉత్తరాది వాళ్లకు అర్థం కాకపోవచ్చు. ఆ మనిషి "వెనక్కి పంపొద్దు" అన్నాడని అధికారికి చెప్పేవాడు మాలోనే ఉంటాడు. అలా చెబితే తప్పా? సాక్ష్యానికి తిప్పుతారని మావాళ్ల భయం.

తడ టీచర్ · ఉదయం 7:15

అన్నా, తప్పు కాదు. అంతకంటే పెద్ద మేలు లేదు. నేను పని చేసేది తడ దగ్గర. రాష్ట్ర సరిహద్దు దాటగానే గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. అక్కడ పుట్టి పెరిగి, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లలను బడికి పంపుతున్నవాళ్లు ఇంకా శరణార్థులుగానే ఉన్నారు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం కింద, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు కాగితాలు లేవన్న శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. ఊరటే. కానీ అది ఒక ఉత్తర్వు ఇచ్చిన వెసులుబాటు. ఇంకో ఉత్తర్వు దాన్ని తీసేయగలదు.

సముద్రంలో వెనక్కి తిప్పడం మనకు దూరపు మాట అనుకోకండి. 2014 జూన్‌లో 157 మంది శ్రీలంక తమిళులు బయలుదేరింది మన పక్కనున్న పుదుచ్చేరి నుంచే. వాళ్లలో 50 మంది పిల్లలు. క్రిస్మస్ ద్వీపానికి 16 నాటికల్ మైళ్ల దూరంలో ఆస్ట్రేలియా వాళ్లు ఆపి, తమ కస్టమ్స్ నౌకలో దాదాపు నెల రోజులు ఉంచారు. ఇండియాకు తీసుకెళ్లి వదిలేయాలని వాళ్ల ప్రభుత్వం నిర్ణయించింది. మన దేశంతో ఒప్పందమేదీ లేకుండానే! చివరికి నౌరు ద్వీపానికి పంపారు. 2015 జనవరి 28న ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) 4–3 తేడాతో ఆ నిర్బంధం చట్టబద్ధమేనంది. ముగ్గురు న్యాయమూర్తులు కాదన్నారు. ఆ ఒక్క ఓటు తేడా మీద ఆ పిల్లల నెల రోజుల చీకటి గది చట్టబద్ధమైపోయింది.

2014లో ఆ రోజుల్లోనే మరో పడవలోని 41 మందిని సముద్రం మీదే నాలుగు మాటలు అడిగి శ్రీలంక నావికాదళానికి అప్పగించారు. ప్రాణభయంతో పారిపోయి వచ్చిన మనిషిని, ఎవరికి భయపడి వచ్చాడో వాళ్ల చేతిలోనే పెట్టడం. దీన్ని విచారణ అని ఎలా అంటారు?

మాజీ సైనికుడు, సింగరాయకొండ · ఉదయం 8:30

ఇంజనీరు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నా ఆందోళన భద్రత గురించే, పిల్లల మీద కోపం లేదు. మరి మన కోస్ట్ గార్డు ఇలాంటి సందర్భంలో ఏం చేసిందో చెప్పండి. మనం ఎవరినీ చావనివ్వలేదు కదా?

నల్లకోటు ఒంగోలు · ఉదయం 10:15

మన కోస్ట్ గార్డు కాపాడింది. అది ముందు చెప్పాలి. 2021 ఫిబ్రవరి 11న బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ నుంచి 90 మంది రోహింగ్యాలతో ఒక పడవ బయలుదేరింది. వాళ్లలో స్త్రీలు, బాలికలు 64 మంది. ఇంజన్ చెడిపోయి అండమాన్ సముద్రంలో కొట్టుకుపోతుంటే మన నౌకలు కనిపెట్టి తిండి, నీళ్లు, మందులు ఇచ్చాయి. అప్పటికే 8 మంది చనిపోయారు, ఒకరు గల్లంతయ్యారు. 81 మంది బతికి ఉన్నారు. ప్రాణం కాపాడటం అనే పని జరిగింది. ఆ తర్వాత? వాళ్లను తీసుకోమని మన ప్రభుత్వం బంగ్లాదేశ్‌ను అడిగింది. మా బాధ్యత కాదని బంగ్లాదేశ్ అంది. 47 మంది దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ బంగ్లాదేశ్‌లో ఇచ్చిన కార్డులు ఉన్నాయి. అయినా వాళ్ల మాట వినడానికి ఒక అధికారి, ఒక దుబాసీ, ఒక లాయరు ఉండాలన్న ఏర్పాటు మన చట్టంలో ఎక్కడా లేదు. శరణార్థుల కోసం మనకు చట్టమే లేదు.

నిన్న రాస్తానన్న బలహీనత ఇది. 2021 ఏప్రిల్ 8న జమ్మూ రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు, 14 (సమానత్వ హక్కు), 21 అధికరణలు అందరికీ వర్తిస్తాయని ఒప్పుకుంటూనే, దేశం నుంచి పంపించబడకుండా ఉండే హక్కు మాత్రం పౌరులకున్న నివాస హక్కులో భాగమని చెప్పింది. తగిన విధానం పాటించి పంపవచ్చంది. అదే ఏడాది మణిపూర్ హైకోర్టు ఏడుగురు మయన్మార్ వాసులను ఢిల్లీలోని శరణార్థుల సంస్థ దగ్గరికి వెళ్లనిచ్చింది. కోర్టును బట్టి, కేసును బట్టి మారుతోంది. 2025 మేలో దాదాపు 40 మంది రోహింగ్యాలను నౌకలో తీసుకెళ్లి మయన్మార్ తీరం దగ్గర సముద్రంలోకి దించేశారన్న ఆరోపణ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి దాని మీద విచారణ మొదలుపెట్టారు. మే 16న సుప్రీంకోర్టు ఆ కథనం మీద అనుమానం వ్యక్తం చేసి, మధ్యంతర ఆదేశం ఇవ్వలేదు. ఆరోపణ నిజమో కాదో తేల్చే విచారణ జరగాలని ఒక న్యాయవాదిగా నేను గట్టిగా కోరుకుంటున్నాను.

సముద్రంలో దూరం కూడా చూడాలి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు మన ప్రాదేశిక జలాలు, అక్కడ మన రాజ్యాంగం నడుస్తుంది. దాన్ని దాటాక మన కోస్ట్ గార్డు నౌక ఎక్కించుకున్న మనిషి సంగతి? ఆ నౌక రాజ్యపు చెయ్యే. రాజ్యం చెయ్యి ఉన్న చోటల్లా 21వ అధికరణ ఉండాలన్నది నా వాదన. మన కోర్టులో ఎప్పుడైనా ఆ వాదన వినిపించే అవకాశం వస్తే హిర్సీ తీర్పును బల్ల మీద పెడతాను.

కావలి ఇంజనీరు · ఉదయం 11:40

ఒకటి కలపండి. ఇప్పుడు ఇటలీ తన నౌకల్లోకి ఎక్కించుకుని లిబియాకు తీసుకెళ్లే పని తాను చేయడం లేదు. 2017 ఫిబ్రవరి ఒప్పందంతో ఇటలీ డబ్బు, బోట్లు, శిక్షణ లిబియాకు ఇచ్చి వాళ్ల చేతనే వెనక్కి లాగిస్తోంది. ఆ ఏడాది నవంబరులో జరిగిన అలాంటి ఘటన మీద వేసిన కేసును 2025 జూన్‌లో యూరోపియన్ కోర్టు తన పరిధిలోకి రాదని కొట్టేసింది. నౌక ఇటలీది కాదు, మనుషులు ఇటలీ చేతిలో లేరు అని. హిర్సీ తీర్పును తప్పించుకునే దారి కనిపెట్టారు.

నిర్వాహకురాలు · మధ్యాహ్నం 12:05

చర్చ బాగుంది. మతాల ప్రస్తావనతో వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. విషయం మీదే ఉండండి.

జువ్వలదిన్నె తీరం · సాయంత్రం 6:30

అందరికీ కృతజ్ఞతలు. సంఘం గోడ మీద అతికించడానికి ఇలా రాశాను, సరిచూడండి.

"ఆపదలో ఉన్న బోటు కనిపిస్తే ముందు వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ 16వ ఛానల్‌లో గానీ, కోస్ట్ గార్డు నంబరు 1554కు గానీ చెప్పండి. చోటు, సమయం, మనుషులెందరో, పిల్లలెందరో చెప్పండి. దూరం నుంచే గమనించండి, ఒంటరిగా ఒక్క బోటుతో దగ్గరికి వెళ్లకండి. మునిగిపోయే స్థితి ఉంటే లైఫ్ జాకెట్లు, నీళ్లు అందించండి. వాళ్ల బోటును గానీ, వస్తువులను గానీ ఎవరూ ముట్టకూడదు. ఒడ్డుకు తెస్తే నేరుగా అధికారులకే అప్పగించండి."

ముట్టకూడదన్న మాట మీద పెద్దకాపులు (మా ఊరి కుల పెద్దలు) దురాయి, అంటే ఊరంతా పాటించాల్సిన కట్టుబాటు, వేస్తామన్నారు. ఇంజన్లు, వలలు విప్పుకుపోతే ఊరికే చెడ్డపేరు.

మాజీ సైనికుడు, సింగరాయకొండ · సాయంత్రం 6:55

ఒక్క బోటుతో వెళ్లవద్దన్నది బాగుంది. ఇద్దరు ముగ్గురు సరంగులు కలిసి వెళ్లాలని కూడా రాయండి. ఇలాగైతే నాకు అభ్యంతరం లేదు.

నల్లకోటు ఒంగోలు · రాత్రి 7:20

అసలు మాట రాయలేదు తమ్ముడూ. "వెనక్కి పంపితే ప్రాణభయం ఉందని వాళ్లు చెబితే, ఆ మాటను తేదీ, సమయంతో రాసుకుని అధికారికి ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి" అని కలపండి. ఆ మనిషి అడిగాడన్న ఆధారం ఎక్కడో ఒకచోట ఉండాలి. అదుపులోకి తీసుకున్న మనిషికి దేశంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. ఆ సహాయం కోసం నంబరు 15100. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న 22వ అధికరణ కూడా విదేశీయులకు వర్తిస్తుంది, శత్రుదేశస్థుడైతేనో, ముందస్తు నిర్బంధ చట్టం కింద పట్టుకుంటేనో తప్ప. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కబురు అందితే నాలాంటివాడు ఒకడు వెళ్లి కూర్చోగలడు. శరణార్థుల సంస్థ కార్యాలయం చెన్నైలోనూ ఉంది, అక్కడికీ తెలియజేయవచ్చు.

సరంగు గారూ, మీరు విన్న మాట చెప్పడానికి భయపడకండి. సాక్ష్యం అవసరమైతే నేను మీ వెంట ఉంటాను, ఫీజు మాట వద్దు.

తడ టీచర్ · రాత్రి 8:10

తమిళంలో నేను రాసి పంపుతాను. బర్మా భాషలోనో, రోహింగ్యాల మాటలోనో ఒక వాక్యం కావాలి. "మీరు ఎక్కడికి తిరిగి వెళ్లడానికి భయపడుతున్నారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. చెన్నైలో అడిగి తెలుసుకుంటాను.

మైపాడు సరంగు · ఉదయం 5:35

మైపాడుకు, ఇసకపల్లికి కూడా ప్రతులు పంపండి. వేటకు వెళ్లే బోట్లలో చదవగలిగినవాడు ఒక్కడైనా ఉంటాడు. కాగితం నీళ్లకు తడిసిపోతుంది, ప్లాస్టిక్ తొడుగు వేయించండి, ఆ ఖర్చు మా సంఘం పెట్టుకుంటుంది.